ఫుట్‌బాల్ మైదానంలో హింసాత్మక ఫౌల్ జరిగితే: విజిల్ నుంచి సస్పెన్షన్ దాకా ఏం చేయాలి

"కాలు బంతికే తగిలింది కదా, రెడ్ కార్డ్ ఎలా ఇస్తారు?" "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా, ఇంత శిక్ష ఎందుకు?" "మావాడి కాలు విరిగింది, తన్నినవాడికి మూడు మ్యాచ్‌ల నిషేధమేనా?" చిన్న టోర్నమెంట్లు నడిపేవాళ్లు, కొత్తగా విజిల్ పట్టినవాళ్లు, దెబ్బతిన్న జట్ల కోచ్‌లు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

పైకి వేరువేరుగా కనిపించినా మూడింటిలోనూ ఉన్న చిక్కు ఒకటే. ఆటగాడు ఏం చేశాడన్నది పక్కన పెట్టి, చివరికి ఏమైందో చూసి తీర్పు చెప్పాలనుకుంటాం. ఎదుటివాడు అదృష్టం బాగుండి తప్పించుకుంటే తప్పు చిన్నదైపోతుంది, కాలు విరిగితే పెద్దదైపోతుంది. ఫుట్‌బాల్ నిబంధనలు అలా చూడవు. ఎదుటి ఆటగాడికి ఎంత ప్రమాదం తెచ్చిపెట్టాడన్నదే వాటికి ముఖ్యం. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే కింద చెప్పేవన్నీ సులువుగా పట్టుబడతాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఫుట్‌బాల్ నిబంధనలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐఎఫ్‌ఏబీ ప్రచురించే ఆట నిబంధనల తాజా ప్రతి. ఉచితంగానే దొరుకుతుంది. మీకు ఎక్కువగా పనికొచ్చేది ఫౌళ్ల గురించి చెప్పే 12వ నిబంధన. దాన్ని ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చదవండి.
- మీ టోర్నమెంట్ శిక్షల పట్టిక. మొదటి మ్యాచ్‌కు ముందే రాసి, అన్ని జట్ల కెప్టెన్లు, కోచ్‌ల సంతకాలు తీసుకోండి. గొడవ జరిగాక రాసిన పట్టికను ఎవరూ నమ్మరు.
- రెండు కార్డులు: హెచ్చరికకు ఎల్లో, మైదానం నుంచి పంపేయడానికి రెడ్. వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి. తొందరలో ఒకటి తీయబోయి ఇంకొకటి తీస్తే సర్దుకోవడం కష్టం.
- చిన్న నోట్‌బుక్, పెన్సిల్, వాచ్.
- రిపోర్ట్ ఫారం. తెల్ల కాగితమైనా పర్వాలేదు, ఏమేం రాయాలో ముందే అచ్చువేసి ఉంటే మేలు.
- ఆడుతున్న జట్లతో సంబంధం లేని ముగ్గురు సభ్యుల కమిటీ. అప్పీల్ వినడానికి వీళ్లు కాక వేరే ఒకరు.
- ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, స్ట్రెచర్, అంబులెన్స్‌కు ఫోన్ చేసే బాధ్యత తీసుకున్న ఒకరు. ఇవి లేకుండా మ్యాచ్ మొదలుపెట్టకండి. ఈ జాబితాలో నేను రాజీపడనిది ఏదైనా ఉంటే అది ఇదే.

వీడియో ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

1. ఫౌల్ ఏ రకమో ముందు తేల్చుకోండి

నిబంధనల్లో మూడు మెట్లు ఉన్నాయి. అజాగ్రత్తగా ఆడి ఎదుటివాడిని పడగొడితే ఫౌల్ మాత్రమే, కార్డు లేదు. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా దూసుకెళ్తే ఎల్లో కార్డ్. అవసరానికి మించిన బలం వాడినా, ఎదుటివాడి భద్రతను ప్రమాదంలో పడేసినా రెడ్ కార్డ్.

రెడ్ కార్డ్ తప్పులో మళ్లీ రెండు రకాలు. బంతి కోసం పోటీ పడుతూ చేస్తే సీరియస్ ఫౌల్ ప్లే. బంతితో పని లేకుండా ఎదుటివాడిని కొట్టినా, తన్నినా, తలతో గుద్దినా వయొలెంట్ కండక్ట్. ఈ రెండోది ఎదుటి జట్టువాళ్ల మీదే కానక్కర్లేదు. సొంత జట్టువాడిని కొట్టినా, రెఫరీని కొట్టినా, ప్రేక్షకుడిని కొట్టినా అదే. చెయ్యి విసిరాడు కానీ తగల్లేదు, అయినా అదే. కొట్టే ప్రయత్నమే తప్పు. ఉమ్మడం, కొరకడం కూడా రెడ్ కార్డే.

మైదానంలో రెండింటికీ కార్డు ఒకటే కదా, తేడా ఎందుకంటారా? సస్పెన్షన్ దగ్గర ఈ తేడా పనికొస్తుంది. రిపోర్ట్‌లో ఏ రకమో రాయకపోతే కమిటీ తల పట్టుకుంటుంది.

2. విజిల్ వేయండి, దెబ్బతిన్నవాడి దగ్గరికి వెళ్లండి

రెడ్ కార్డ్ స్థాయి ఫౌల్ జరిగితే ఆట వెంటనే ఆపండి. అడ్వాంటేజ్ ఇవ్వొద్దు, అంటే దెబ్బతిన్న జట్టుకు లాభమని ఆట ఆపకుండా సాగనివ్వొద్దు. గోల్ కొట్టే స్పష్టమైన అవకాశం ఉన్నప్పుడు మాత్రమే ఆడనివ్వొచ్చు. అలా ఆడనిస్తే, బంతి ఆట నుంచి బయటికి వెళ్లగానే ఫౌల్ చేసినవాడిని బయటికి పంపాలి. ఈలోగా అతను బంతిని ఆడినా, ఎవరికైనా అడ్డుపడినా అక్కడే ఆట ఆపి, కార్డు చూపించి, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్‌తో (నేరుగా గోల్ చేయడానికి వీల్లేని ఫ్రీకిక్) మళ్లీ మొదలుపెట్టండి. అతను ఆ క్షణంలో ఇంకా పెద్ద తప్పు చేస్తే మాత్రం ఆ తప్పుకు తగిన రీస్టార్ట్ (ఆట మళ్లీ మొదలుపెట్టే పద్ధతి) ఇవ్వాలి. చిన్న మ్యాచ్‌ల్లో అడ్వాంటేజ్ జోలికే వెళ్లవద్దన్నది నా సలహా. ఆ పది సెకన్లలో దెబ్బతిన్న జట్టువాళ్లు తామే లెక్క తేల్చుకుంటారు.

విజిల్ గట్టిగా, పొడుగ్గా వేయండి. పరుగెత్తుకుంటూ వెళ్లి తప్పు చేసినవాడికీ మిగతావాళ్లకీ మధ్య నిలబడండి. అతని జెర్సీ నంబర్ చూసి మనసులో పెట్టుకోండి. తర్వాత కింద పడ్డవాడిని చూడండి. తలకు దెబ్బ తగిలినా, కాసేపు స్పృహ తప్పినా, తికమకగా మాట్లాడుతున్నా అతన్ని ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడనివ్వకండి. "నేను బాగానే ఉన్నాను సార్" అని అతనన్నా సరే.

మామూలుగా మైదానంలో చికిత్స చేయించుకున్న ఆటగాడు బయటికి వెళ్లి రావాలి. అయితే ఎదుటివాడికి కార్డు పడిన ఫౌల్ వల్ల దెబ్బ తగిలి, చికిత్స త్వరగా అయిపోతే లోపలే ఉండొచ్చు. చాలామంది రెఫరీలు ఈ మినహాయింపు మర్చిపోతారు. దాంతో తన్నించుకున్న జట్టే కాసేపు ఒక మనిషి తక్కువతో ఆడాల్సి వస్తుంది.

3. ట్యాకిల్ (బంతి లాక్కోవడానికి కాలు వేయడం) అయితే ఈ ప్రశ్నలు వేసుకోండి

కార్డు తీసే ముందు రెండు మూడు సెకన్లు ఆగండి. ఆ కాస్త సమయంలో వీటికి జవాబు వెతకండి:

- ఎంత దూరం నుంచి, ఎంత వేగంతో వచ్చాడు?
- కాలు వంగి ఉందా, కర్రలా బిగదీసి ఉందా?
- స్టడ్స్ (బూటు అడుగున ఉండే మొనలు) నేల వైపు ఉన్నాయా, ఎదుటివాడి వైపు ఉన్నాయా?
- ఎక్కడ తగిలింది? పాదం మీదా, చీలమండ మీదా, పిక్క మీదా, మోకాలి మీదా?
- రెండు పాదాలూ గాల్లో ఉన్నాయా? ఉంటే అతనిక ఆగలేడు, దిశ మార్చుకోలేడు.
- బంతి అందే దూరంలో ఉందా?

బంతి తగిలిందా లేదా అన్నది ఈ జాబితాలో లేదని గమనించారా? బంతి తగిలాక కూడా బిగదీసిన కాలు ముందుకెళ్లి పిక్కను చీల్చగలదు. వెనక నుంచి వస్తేనే రెడ్ అన్న నమ్మకం కూడా తప్పు. ముందు నుంచైనా, పక్క నుంచైనా, ఒక కాలితోనైనా, రెండు కాళ్లతోనైనా ప్రమాదకరంగా దూకితే రెడ్ అని నిబంధన స్పష్టంగా చెబుతోంది.

2010 ప్రపంచకప్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ స్టడ్స్ స్పెయిన్ ఆటగాడు చాబీ అలొన్సో ఛాతీకి తగిలాయి. రెఫరీ హోవార్డ్ వెబ్ ఎల్లో కార్డ్ ఇచ్చారు. తనకు సరిగా కనిపించలేదనీ, అది రెడ్ కార్డే అనీ తర్వాత ఆయనే చెప్పారు. ప్రపంచంలోని మంచి రెఫరీల్లో ఒకరికే అలా జరిగింది. కాబట్టి మీకు అనుమానం ఉంటే అసిస్టెంట్ రెఫరీ దగ్గరికి వెళ్లి అడగడానికి సిగ్గుపడకండి. ఆట మళ్లీ మొదలయ్యే లోపు నిర్ణయం మార్చుకునే హక్కు మీకుంది.

వీడియో చూసే వీలుంటే ఒక జాగ్రత్త. ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి మాత్రమే స్లో మోషన్ చూడండి. ఎంత బలంగా తగిలిందో మామూలు వేగంలోనే చూడాలి. స్లో మోషన్‌లో ప్రతి ట్యాకిల్ కావాలని చేసినట్టే కనిపిస్తుంది. పెద్ద మ్యాచ్‌ల్లో వీడియో రెఫరీలకు కూడా ఇదే నియమం.

విజిల్ పట్టిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక డిఫెండర్ రెండు కాళ్లతో దూకాడు. ఎదుటివాడు చివరి క్షణంలో ఎగిరి తప్పించుకున్నాడు. తగల్లేదు కదా అని ఎల్లో కార్డ్‌తో సరిపెట్టాను. కాసేపటికి ఆ తప్పించుకున్న కుర్రాడే తిరిగి తన్నాడు, ఇంకొకడి చీలమండ దెబ్బతింది. మొదటి ట్యాకిల్‌కే రెడ్ ఇచ్చి ఉంటే రెండోది జరిగేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

4. బంతి లేని చోట దాడి జరిగితే

ఇక్కడ నిర్ణయం కంటే చూడటమే కష్టం. బంతి వెంట మీ కళ్లు పరుగెడుతుంటే వెనక మోచెయ్యి విసురుతారు. కార్నర్ కిక్, ఫ్రీకిక్ ముందు పెనాల్టీ ఏరియాలో (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టెలో) తోపులాట జరిగే చోట ఒక అసిస్టెంట్ కన్ను ఎప్పుడూ ఉండాలి. మ్యాచ్‌కు ముందే ఎవరు ఎక్కడ చూడాలో పంచుకోండి.

2006 ప్రపంచకప్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జినెదిన్ జిదాన్ ఇటలీ ఆటగాడు మార్కో మాటెరాజీ ఛాతీలో తలతో గుద్దినప్పుడు రెఫరీ హొరాసియో ఎలిజాండో చూడలేదు. మైదానం పక్కన ఉండే నాలుగో అఫీషియల్ చెప్పాకే రెడ్ కార్డ్ చూపించారు. మీరు చూడలేదు కాబట్టి జరగలేదని అనుకోవద్దు. మీ సహాయకుల్లో ఒకరు కచ్చితంగా చూసి ఉంటే అది చాలు. ప్రేక్షకులు అరిచారనో, కోచ్ ప్రమాణం చేశాడనో మాత్రం కార్డు తీయకండి.

చెయ్యి ముఖానికి తగిలితే ఇలా తేల్చండి. బంతి కోసం పోటీ లేనప్పుడు కావాలని తల మీదో, ముఖం మీదో చేత్తో కొడితే రెడ్ కార్డ్. లెక్కలోకి రానంత చిన్నగా తగిలినప్పుడు మాత్రమే మినహాయింపు. గాల్లోకి ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం చేతులు లేవడం సహజం. పిడికిలి బిగిసిందా, మోచెయ్యి వెనక్కి వెళ్లి విసురుగా వచ్చిందా, కొట్టే ముందు ఎదుటివాడు ఎక్కడున్నాడో కళ్లతో చూసుకున్నాడా? ఆయుధంలా వాడిన చేతికీ, బ్యాలెన్స్ కోసం లేచిన చేతికీ తేడా అక్కడే తెలుస్తుంది.

రెచ్చగొట్టినవాడి సంగతేమిటి? ఇద్దరినీ విడివిడిగా తూచండి. జిదాన్‌కు 3 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడితే, మాటలతో రెచ్చగొట్టిన మాటెరాజీకి 2 మ్యాచ్‌లు పడింది. రెచ్చగొట్టాడన్న కారణంతో కొట్టినవాడి రెడ్ కార్డ్ ఎల్లోగా మారిపోదు.

5. కార్డు చూపించి, ఆట సరైన చోట మొదలుపెట్టండి

కార్డు చూపించేటప్పుడు ఆటగాడికి అతుక్కుపోయి నిలబడకండి. రెండు మూడు అడుగుల దూరం ఉంచండి. ముఖం మీద ఊపకండి. బయటికి వెళ్లినవాడు బెంచ్ మీద కూర్చోకూడదు, మైదానం పరిసరాల్లోనే ఉండకూడదు. చిన్నపిల్లల మ్యాచ్ అయితే వెంట ఒక పెద్దవారిని పంపండి, ఒంటరిగా పంపకండి.

బంతి ఆటలో ఉండగా మైదానంలో ఆటగాడి మీదో, రెఫరీ మీదో తప్పు జరిగితే, జరిగిన చోటి నుంచి డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ చేయగలిగే ఫ్రీకిక్). తప్పు చేసినవాడి సొంత పెనాల్టీ ఏరియాలో అయితే పెనాల్టీ. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నా సరే, తప్పు జరిగిన చోటే లెక్క. బంతి అప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటే రీస్టార్ట్ మారదు. త్రో ఇన్ అయితే త్రో ఇన్నే, కానీ రెడ్ కార్డ్ మాత్రం పడుతుంది.

రెడ్ కార్డుల వల్ల ఒక జట్టులో ఏడుగురి కంటే తక్కువ మిగిలితే మ్యాచ్ కొనసాగించకూడదు.

6. రిపోర్ట్ ఆ రోజే రాయండి

శిక్ష నిలబడేదీ, వీగిపోయేదీ ఇక్కడే. మర్నాటికి జ్ఞాపకం మసకబారుతుంది. దానికితోడు ఫోన్లు వస్తాయి, బతిమాలుతారు, టెన్షన్ పెడతారు. అందుకే మైదానం వదిలే ముందే రాసేయండి.

పనికిరాని రిపోర్ట్ ఇలా ఉంటుంది: "7వ నంబర్ ఆటగాడు దారుణంగా, కావాలని, పగతో కొట్టాడు. రెడ్ కార్డ్ ఇచ్చాను." ఇందులో చూసింది ఏమీ లేదు, అన్నీ అభిప్రాయాలే.

పనికొచ్చేది ఇలా ఉంటుంది: "62వ నిమిషం. స్కోరు 1-1. బంతి మధ్య గీత దగ్గర ఉంది. నీలం జట్టు 7వ నంబర్, తెలుపు జట్టు 4వ నంబర్ బంతికి సుమారు 20 మీటర్ల దూరంలో ఉన్నారు. 7వ నంబర్ వెనక్కి తిరిగి, కుడి మోచెయ్యి విసిరి, 4వ నంబర్ ఎడమ దవడ మీద కొట్టాడు. నేను 10 మీటర్ల దూరంలో ఉన్నాను, మధ్యలో ఎవరూ అడ్డు లేరు. 4వ నంబర్ నోటి నుంచి రక్తం వచ్చింది, మైదానం వదిలి వెళ్లాడు. వయొలెంట్ కండక్ట్ కింద 7వ నంబర్‌ను బయటికి పంపాను. వాదించకుండా వెళ్లాడు."

నిమిషం, చోటు, ఎవరు, ఒంట్లో ఏ భాగంతో, ఏ భాగం మీద, మీరు ఎంత దూరంలో ఉన్నారు, తర్వాత ఏమైంది. ఇవి చాలు. చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. కార్డు చూశాక అతను ఎలా ప్రవర్తించాడన్నది కమిటీకి కావాలి. అసిస్టెంట్ల రిపోర్ట్ విడిగా రాయించండి. మీది చూపించి రాయిస్తే అది సాక్ష్యం కాదు, నకలు.

7. కమిటీ శిక్ష ఎలా నిర్ణయించాలి

ముందు పెద్ద పోటీల్లో ఎలా ఉందో చూడండి. ఇంగ్లాండ్‌లో సీరియస్ ఫౌల్ ప్లేకీ, వయొలెంట్ కండక్ట్‌కీ మామూలుగా 3 మ్యాచ్‌లు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల్లో ఎదుటి ఆటగాడిపై దాడికి కనీసం 3 మ్యాచ్‌లు, రెఫరీపై దాడికి కనీసం 15. అసాధారణమైన తప్పులకు అంతకు మించి పడ్డాయి. 1994 ప్రపంచకప్‌లో ఇటలీ ఆటగాడు మౌరో తసోటి మోచేత్తో కొట్టి స్పెయిన్ ఆటగాడు లూయీస్ ఎన్రికే ముక్కు పగలగొట్టినందుకు 8 మ్యాచ్‌లు. 2014లో ఉరుగ్వే ఆటగాడు లూయీస్ సువారెజ్ ఇటలీ ఆటగాడు కియెల్లీనిని కొరికినందుకు 9 అంతర్జాతీయ మ్యాచ్‌లు, దాంతోపాటు 4 నెలలు ఫుట్‌బాల్‌కే దూరం.

చిన్న టోర్నమెంట్‌కు నేను సూచించే పట్టిక ఇది:

- సీరియస్ ఫౌల్ ప్లే: 2 మ్యాచ్‌లు. రెండు కాళ్లతో దూకినా, స్టడ్స్ మోకాలి మీదో ఆ పైనో తగిలినా 3.
- కొట్టడం, తన్నడం, తలతో గుద్దడం, మోచెయ్యి విసరడం: 3 మ్యాచ్‌లు.
- ఉమ్మడం, కొరకడం: 6 మ్యాచ్‌లు.
- కింద పడి ఉన్నవాడిని తన్నడం, గుంపుగా కొట్టడం: ఆ టోర్నమెంట్ మొత్తం.
- రెఫరీ మీద, అసిస్టెంట్ల మీద చెయ్యి చేసుకోవడం: టోర్నమెంట్ మొత్తం, పైగా మీ ప్రాంత ఫుట్‌బాల్ సంఘానికి లిఖితపూర్వక ఫిర్యాదు. రెఫరీకి రక్షణ లేని చోట ఎవరికీ రక్షణ ఉండదు.

మొత్తం ఐదారు మ్యాచ్‌లే ఉన్న టోర్నమెంట్‌లో 3 మ్యాచ్‌లంటే సగం పోయినట్టే. అది ఎక్కువనిపిస్తే అంకెలు తగ్గించుకోవచ్చు. కానీ వాటి వరుస మార్చకండి. బంతి కోసం చేసిన తప్పు కంటే బంతి లేని చోట చేసిన దాడికి శిక్ష తక్కువ ఉండకూడదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. "మావాడు కోలుకునేదాకా కొట్టినవాడు కూడా ఆడకూడదని పెట్టొచ్చు కదా?" కాలు విరిగిన కుర్రాడి తల్లిదండ్రులు ఈ మాట అంటే జవాబు చెప్పడానికి గొంతు పెగలదు. వాళ్ల బాధ నిజమైనది. అయినా నేను ఒప్పుకోను. 2008లో బర్మింగ్‌హామ్ సిటీ ఆటగాడు మార్టిన్ టేలర్ ట్యాకిల్‌తో ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వర్డో కాలు విరిగింది. ఎడ్వర్డో దాదాపు ఏడాది ఆటకు దూరమయ్యాడు. టేలర్‌కు పడింది 3 మ్యాచ్‌లు. అన్యాయంగా కనిపిస్తుంది. కానీ గాయాన్ని కొలబద్ద చేసుకుంటే, ఒక మామూలు ఢీకొట్టుడులో ఎముక విరిగినవాడికి ఏడాది, గొంతు మీదికి స్టడ్స్ ఎత్తి గురి తప్పినవాడికి సున్నా పడుతుంది. రెండోవాడు వచ్చే వారం మళ్లీ ఎత్తుతాడు. గాయపడినవాడికి చేయాల్సింది వేరే ఉంది. చికిత్స ఖర్చుకు టోర్నమెంట్ తరఫున ముందే బీమా తీసుకోండి, లేదా ఒక నిధి పక్కన పెట్టండి.

శిక్ష పెంచడానికి నిజంగా కారణమయ్యేవి ఇవి: ముందే బెదిరించి ఉండటం, అదే సీజన్‌లో ఇంతకుముందు ఇలాంటి తప్పే చేసి ఉండటం, ఎదుటివాడు కింద పడ్డాక కూడా ఆగకపోవడం, కార్డు చూశాక గొడవ చేయడం. పగతో చేశాడన్నది ఊహ కాకుండా రుజువైతే అదీ లెక్కలోకి వస్తుంది. 2001లో మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ మాంచెస్టర్ సిటీ ఆటగాడు ఆల్ఫ్-ఇంగె హాలండ్ మోకాలి మీద చేసిన ట్యాకిల్‌కు మొదట 3 మ్యాచ్‌లే పడ్డాయి. అది పాత పగ తీర్చుకోవడమని కీన్ తర్వాత తానే రాసుకోవడంతో, 2002లో మరో 5 మ్యాచ్‌లు, లక్షా 50 వేల పౌండ్ల జరిమానా పడ్డాయి.

8. ఆటగాడి మాట వినండి, తీర్పు రాసి ఇవ్వండి

రెడ్ కార్డ్ పడినవాడు తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. దానికి విచారణ అక్కర్లేదు. అంతకు మించి శిక్ష వేయాలంటే అతని మాట వినాలి. పది నిమిషాలు చాలు. రిపోర్ట్ చదివి వినిపించండి, అతను చెప్పేది చెప్పనివ్వండి, వీడియో ఉంటే అతని ముందే చూడండి. తర్వాత ముగ్గురూ విడిగా కూర్చుని తేల్చండి. ఏ తప్పు, పట్టికలో ఏ వరుస, ఎన్ని మ్యాచ్‌లు, ఏయే తేదీల మ్యాచ్‌లు, అప్పీల్ ఎప్పటిలోగా చేయాలి అన్నవి ఒక పేజీలో రాసి ఇవ్వండి. అప్పీల్‌కు రెండు రోజులు ఇస్తే సరిపోతుంది. ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు పడిందని తేలితే ఆలస్యం చేయకుండా సరిదిద్దండి.

9. రెఫరీ చూడకపోతే

1982 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ గాల్లోకి ఎగిరి ఫ్రాన్స్ ఆటగాడు పాట్రిక్ బాటిస్టన్‌ను ఢీకొట్టాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. రెఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు, గోల్ కిక్ ఇచ్చారు. ఆ మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్తే షూమాకరే రెండు కిక్‌లు ఆపాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పైన చెప్పిన తసోటి మోచేతి దెబ్బను కూడా మైదానంలో రెఫరీ చూడలేదు. శిక్ష తర్వాత పడింది. కాబట్టి మీ నియమాల్లో ఒక వాక్యం ముందే చేర్చండి: "రెఫరీ చూడని హింసాత్మక ప్రవర్తనపై స్పష్టమైన వీడియో ఉన్నా, రెండు జట్లకూ చెందని ఇద్దరు సాక్షులు ఉన్నా కమిటీ చర్య తీసుకోవచ్చు." ఫిర్యాదుకు 24 గంటల గడువు పెట్టండి.

రెఫరీ చూసి ఎల్లో కార్డ్ ఇచ్చిన ప్రతి ట్యాకిల్‌ను కమిటీ మళ్లీ తవ్వడం మొదలుపెడితే మాత్రం ఏ మ్యాచూ ముగియదు. మరీ ఘోరమైన వాటికే ఆ తలుపు తెరవండి. 2006లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు బెన్ థాచర్ మోచేత్తో పోర్ట్స్‌మౌత్ ఆటగాడు పెడ్రో మెండెస్‌ను స్పృహ తప్పేలా కొట్టినప్పుడు రెఫరీ ఎల్లో కార్డే ఇచ్చారు. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం దాన్ని వదలకుండా 8 మ్యాచ్‌ల శిక్ష వేసింది.

ఇంకో మాట. మైదానం గీతల లోపల జరిగింది కదా అని చట్టం పక్కకు తప్పుకోదు. 1994లో స్కాట్లాండ్‌లో రేంజర్స్ ఆటగాడు డంకన్ ఫెర్గూసన్ ఎదుటివాడిని తలతో గుద్దాడు. రెఫరీ కార్డు కూడా చూపించలేదు. మరుసటి ఏడాది కోర్టు శిక్షతో జైలుకు వెళ్లాడు. దెబ్బతిన్నవాడు పోలీసుల దగ్గరికి వెళ్తానంటే ఆపడం కమిటీ పని కాదు. రిపోర్ట్ నకలు ఇవ్వండి.

తరచూ జరిగే పొరపాట్లు

"ఇంకా రెండో నిమిషమే కదా" అని రెడ్ కార్డ్ జేబులోనే ఉంచేయడం. మొదటి నిమిషంలో విరిగిన ఎముకా ఎముకే. ఫైనల్ కదా అని ఊరుకోవడం కూడా ఇలాంటిదే.

ఇద్దరు గొడవపడితే లెక్క సరిచేయడానికి చెరో ఎల్లో ఇవ్వడం. ఒకడు తోశాడు, ఇంకొకడు పిడికిలితో గుద్దాడు. తోసినవాడికి ఎల్లో, గుద్దినవాడికి రెడ్. సమానంగా పంచితే న్యాయం అయిపోదు.

క్షమాపణ చెప్పాడని శిక్ష ఎత్తేయడం. క్షమాపణను స్వాగతించండి, పట్టికలో ఉన్న కనీస శిక్ష మాత్రం అమలు చేయండి.

సస్పెన్షన్‌కు బదులు డబ్బు కట్టించుకోవడం. డబ్బున్న జట్టుకు అది కొట్టడానికి టికెట్ కొనుక్కున్నట్టే.

కాసేపు బయట కూర్చోబెట్టి మళ్లీ లోపలికి పంపడం. తాత్కాలికంగా బయటికి పంపే పద్ధతిని ఎల్లో కార్డ్ తప్పులకే వాడతారు. హింసకు అది వర్తించదు.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి

తీర్పు ప్రకటించే ముందు రెండు జట్ల పేర్లు తారుమారు చేసి చదవండి. అప్పుడు కూడా అదే శిక్ష వేస్తారా? ఒక్క క్షణం తడబడినా మళ్లీ కూర్చోండి. తర్వాత గాయం గురించిన వాక్యాన్ని చేత్తో మూసి రిపోర్ట్ చదవండి. ఆ వాక్యం లేకపోయినా శిక్ష సబబుగా అనిపించాలి.

మ్యాచ్ చూడని ఒకరికి రిపోర్ట్ ఇచ్చి, ఏం జరిగిందో నటించి చూపించమనండి. వాళ్లు చూపించింది, మీరు చూసింది ఒకటైతే రిపోర్ట్ బాగున్నట్టు. ఏ చెయ్యి, ఏ వైపు అని వాళ్లు తిరిగి అడిగితే ఆ వివరం చేర్చండి.

టోర్నమెంట్ ముగిశాక అన్ని రెడ్ కార్డులను ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఒకే రకమైన తప్పుకు రెండు రకాల శిక్షలు కనిపిస్తే కారణం కూడా పక్కనే ఉండాలి. లేకపోతే వచ్చే ఏడాది పట్టిక మార్చుకోండి. ఫైనల్‌లో రెడ్ కార్డ్ తిన్నవాడి మిగిలిన సస్పెన్షన్ వచ్చే టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్ నుంచి అమలవుతుందని అదే కాగితం మీద రాసి, అతని సంతకం తీసుకుని, ఫైలులో పెట్టండి.